బోల్డ్‌లో "రాష్ట్ర" ముద్దైపోతోంది, సోర్స్ నుంచి బిల్డ్ చేసి సరిచేయాలని ఉంది: 8 జీబీ ల్యాప్‌టాప్, మొబైల్ డేటాతో అవుతుందా?

పెన్నా_గట్టు (కడప) · శనివారం రాత్రి 9:15

అందరికీ నమస్తే. కడపలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. మా నాన్న కోసం లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఒక అర్జీ టైప్ చేస్తున్నా. హెడ్డింగ్‌ను బోల్డ్ చేయగానే "రాష్ట్ర" అన్నచోట టావత్తు మీదికి రావత్తు ఎక్కేసింది. రెండూ కలిసిపోయి చదవడానికి రావడం లేదు. బోల్డ్ తీసేస్తే శుభ్రంగా ఉంది. పీడీఎఫ్ చేసినా, ప్రింట్ తీసినా అంతే. ఫాంట్ నెట్‌లో ఉచితంగా దొరికే తెలుగు యూనికోడ్ ఫాంటే. చేసినవాళ్లు కష్టపడి ఉచితంగా ఇచ్చారు కాబట్టి పేరు ఇక్కడ పెట్టను.

ఓపెన్ సోర్స్‌లో ఏదో ఒకటి చేయాలని చాలా రోజులుగా ఉంది. ఇది మన భాషకు సంబంధించిన పని కాబట్టి ఇక్కడే మొదలుపెడదామని, సరిచేసి బిల్డ్ చేయడానికి (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి) లిబ్రేఆఫీస్ సోర్స్ కోడ్ క్లోన్ చేయబోయా, అంటే మొత్తం కాపీ దించుకోబోయా. హాట్‌స్పాట్ మీద సగంలో తెగిపోతోంది, మళ్లీ మొదటి నుంచి దిగుతోంది. నాది రోజుకు 2 జీబీ ప్యాక్. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11. డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు లినక్స్ వేసుకున్నా. ఈ మెషీన్‌తో అవుతుందా, లేక ఇంకేదైనా చిన్న ప్రాజెక్టు చూసుకోవాలా? అన్నలూ అక్కలూ కొంచెం దారి చూపండి.

---

బురుజు_నీడ (కర్నూలు) · శనివారం రాత్రి 9:52

అవుతుంది తమ్ముడూ. కాకపోతే మెషీన్‌ను బట్టి, నెట్‌ను బట్టి నడుచుకోవాలి.

ముందు క్లోన్ సంగతి. గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్) క్లోన్ మధ్యలో తెగితే ఆగినచోట నుంచి అందుకోదు, అందుకే నీ డేటా అంతా వృథా అవుతోంది. డెప్త్ 1 అని ఇస్తే పాత చరిత్ర లేకుండా తాజా కమిట్ (ఒకసారి నమోదు చేసిన మార్పు) ఒక్కటే దిగుతుంది. చరిత్ర కూడా కావాలంటే ఫిల్టర్ ఆప్షన్‌తో బ్లాబ్ నన్ అని ఇవ్వు. కమిట్‌ల జాబితా మొత్తం వస్తుంది, పాత ఫైళ్ల లోపలి సరుకు మాత్రం అవసరమైనప్పుడు దిగుతుంది. అంటే తర్వాత గిట్ బ్లేమ్ లాంటివి నడిపేటప్పుడు నెట్ ఉండాలి. మంచి నెట్ ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే ఇంకా సులువు. వాళ్లను క్లోన్ చేసి గిట్ బండిల్‌గా కట్టి పెన్‌డ్రైవ్‌లో ఇమ్మను. దాని నుంచి క్లోన్ చేసుకుని, రిమోట్ అడ్రస్ (కోడ్ ఎక్కడి నుంచి దిగాలో చెప్పేది) మార్చి ఫెచ్ కొడితే కొత్తగా వచ్చిన కమిట్‌లు మాత్రమే దిగుతాయి.

లిబ్రేఆఫీస్‌కు సోర్స్ ఒక్కటే సరిపోదు. బయటి లైబ్రరీల టార్‌బాల్స్ కూడా బిల్డ్ సమయంలో దిగుతాయి. వైఫై ఉన్నచోట కూర్చుని మేక్ ఫెచ్ నడిపితే అవన్నీ ముందే వచ్చేస్తాయి. తర్వాత ఇంట్లో నెట్ లేకుండానే బిల్డ్ చేసుకోవచ్చు.

ఇక ర్యామ్. డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది, అంటే నీ ఉబుంటుకు దక్కేది 4 జీబీ. విండోస్‌లో నీ యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ అనే ఫైలు పెట్టి, అందులో మెమరీ 6 జీబీ అని, స్వాప్ 8 జీబీ అని రాయి. తర్వాత డబ్ల్యూఎస్ఎల్‌ను షట్‌డౌన్ కమాండ్‌తో ఆపి మళ్లీ తెరువు. బిల్డ్‌కు జె2 ఇవ్వు, ఒకేసారి రెండు ఫైళ్లే కంపైల్ అవుతాయి. పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైలు ఒక్కటే 1 జీబీ పైన తినగలదు. మధ్యలో "కిల్డ్" అని వచ్చి ఆగిపోతే కోడ్‌లో తప్పేమీ లేనట్టే, ర్యామ్ అయిపోయి లినక్స్ ఆ ప్రాసెస్‌ను చంపేసింది. కొత్తవాళ్లు చాలామంది అక్కడే టెన్షన్ పడి వదిలేస్తారు.

ఇంకొకటి, సోర్స్‌ను సీ డ్రైవ్‌లో పెట్టొద్దు. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచు. డబ్ల్యూఎస్ఎల్ నుంచి విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లను చదవాలంటే చాలా నిదానం. వేల కొద్దీ చిన్న ఫైళ్లుండే ప్రాజెక్టులో ఆ తేడా బాగా తెలుస్తుంది.

---

ఏడురోడ్లు (కడప) · శనివారం రాత్రి 10:10

మేమూ కడపే బ్రో. ఈ ఎండల్లో పగలు బిల్డ్ పెట్టొద్దు. వేడికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, గంటలో అయ్యేది ఎంతకీ కాదు. రాత్రి భోజనం చేసి పెట్టుకో. సీక్యాష్ (ఒకసారి కంపైల్ అయినదాన్ని దాచుకునే టూల్) వేసుకున్నావా? మొదటి బిల్డ్ ఎంత లేటైనా రెండోసారి నుంచి మారిన ఫైళ్లే కంపైల్ అవుతాయి, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా అయింది పోదు.

---

వేరుశనగ_చేను (అనంతపురం) · ఆదివారం ఉదయం 7:30

కొంచెం ఆగండి. బిల్డ్ గురించి మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆ తప్పు లిబ్రేఆఫీస్‌లో ఉందని ఎవరు తేల్చారు? అది తెలియకుండా అంత పెద్ద సోర్స్ దించడం ఎందుకు?

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెబుతాను. మా పిల్లలకు ఎప్పుడూ చెప్పేది ఇదే: పని వాతావరణం ఏర్పాటు చేసుకునే ముందు తప్పు ఏ అంతస్తులో ఉందో పట్టుకోండి. ఎన్ని జీబీలు కావాలో, ఏ భాష రావాలో, ఏ టూల్స్ వేసుకోవాలో అదే చెబుతుంది.

స్క్రీన్ మీద ఒక తెలుగు అక్షరం కనపడాలంటే మూడు చేతులు మారుతుంది. మీరు టైప్ చేసిన యూనికోడ్ అక్షరాల వరుసను అప్లికేషన్ షేపింగ్ ఇంజిన్‌కు ఇస్తుంది. "ష, పొల్లు, ట, పొల్లు, ర" అన్న వరుసను చూసి, దీనికి ష కింద టావత్తు, రావత్తు రావాలని ఇంజిన్ తేలుస్తుంది. ఆ వత్తుల బొమ్మలు, అవి ఎక్కడ కూర్చోవాలన్న లెక్కలు ఫాంట్‌లో ఉంటాయి. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని సిస్టమ్‌ల మీదా హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్‌నే వాడుతోంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్‌లోనూ అదే. కాబట్టి ఇలా పరీక్షించు నాయనా:

అదే ఫాంట్‌తో అదే మాటను ఫైర్‌ఫాక్స్‌లో చూడు. అక్కడ బాగుండి రైటర్‌లో మాత్రమే చెడితే లిబ్రేఆఫీస్‌ను అనుమానించాలి. రెండింటిలోనూ చెడితే హార్ఫ్‌బజ్ అయినా కావాలి, ఫాంట్ అయినా కావాలి. అప్పుడు విండోస్ నోట్‌ప్యాడ్‌లో చూడు, దానిది విండోస్ సొంత ఇంజిన్. అందులోనూ చెడితే ఇక దాదాపు ఫాంటే. వేరే తెలుగు ఫాంట్‌కు మార్చగానే సర్దుకుంటే అనుమానమే అక్కర్లేదు.

వీటన్నిటికన్నా ముందు ఇంకొకటి చూడాలి. ఆ ఫాంట్ బోల్డ్ ఫైలు నీ దగ్గర నిజంగా ఇన్‌స్టాల్ అయి ఉందా? లేకపోతే అప్లికేషనే మామూలు అక్షరాల గీతలను లావు చేసి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది. వత్తులు అంటుకుపోవడానికి అది కూడా కారణం కావచ్చు.

హార్ఫ్‌బజ్‌ను కూడా ఇప్పుడే బిల్డ్ చేయక్కర్లేదు. ఉబుంటులో లిబ్‌హార్ఫ్‌బజ్ బిన్ అనే చిన్న ప్యాకేజీ వేసుకుంటే హెచ్‌బీ షేప్, హెచ్‌బీ వ్యూ అనే రెండు పనిముట్లు వస్తాయి. మొదటిదానికి ఫాంట్ ఫైలు, మాట ఇస్తే ఏ గ్లిఫ్‌ను (ఫాంట్‌లోని అక్షరపు బొమ్మను) ఎక్కడ పెట్టిందో రాసి చూపిస్తుంది. రెండోది బొమ్మ గీసి ఇస్తుంది.

---

పెన్నా_గట్టు (కడప) · ఆదివారం మధ్యాహ్నం 1:05

మేడమ్, చాలా థాంక్స్. అన్నీ చేసి చూశా. బోల్డ్ ఫైలు ఇన్‌స్టాల్ అయ్యే ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ ముద్దే, నోట్‌ప్యాడ్‌లోనూ ముద్దే. వేరే ఫాంట్‌తో బాగుంది.

హెచ్‌బీ షేప్ ఇచ్చింది చూస్తే భలే ఆశ్చర్యమేసింది. చదరపు బ్రాకెట్లలో మూడు గ్లిఫ్‌లు, మధ్యలో నిలువు గీతలు: ష, దాని టావత్తు, దాని రావత్తు. మూడింటికీ ఈక్వల్ గుర్తు తర్వాత ఒకే నంబర్ ఉంది. యాట్ గుర్తు పక్కన ఉన్నవి ఎంత పక్కకు, ఎంత కిందికి జరపాలన్న లెక్క అనుకుంటా. రెగ్యులర్ ఫైలులోనూ బోల్డ్ ఫైలులోనూ రావత్తుకు ఉన్న ఆ రెండు అంకెలూ అచ్చంగా ఒకటే. బోల్డ్‌లో టావత్తు ఇంకా వెడల్పుగా ఉంది కదా, మరి అదే అంకె ఎలా సరిపోతుంది?

---

వేరుశనగ_చేను (అనంతపురం) · ఆదివారం మధ్యాహ్నం 1:40

దొరికింది! సరిపోదు, నీ అనుమానమే నిజం. ఈక్వల్ పక్కన ఉన్నది క్లస్టర్ నంబర్. మూడూ ఒకే సంయుక్తాక్షరానికి చెందినవని ఇంజిన్ సరిగ్గానే గుర్తుపట్టింది, వత్తులనూ సరిగ్గానే ఎంచుకుంది. కూర్చోబెట్టే చోటు మాత్రం ఫాంట్ ఇచ్చిన లెక్కను బట్టి పోతుంది. రెగ్యులర్ గీసి, దాని నుంచి బోల్డ్ మాస్టర్ తయారు చేసినప్పుడు టావత్తు మీది యాంకర్ (తర్వాతి వత్తు తగులుకునే బిందువు) పాత చోటులోనే మిగిలిపోయి ఉంటుంది. సరిచేయాల్సింది బహుశా ఒక్క అంకె. దానికి లిబ్రేఆఫీస్ అక్కర్లేదు, హార్ఫ్‌బజ్ అక్కర్లేదు, పైథాన్ చాలు.

---

టవర్_క్లాక్_డీటీపీ (అనంతపురం) · ఆదివారం సాయంత్రం 4:20

నాకు కోడింగ్ రాదు, డీటీపీ పని నాది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు చేస్తాం. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఇట్లాంటిది వస్తే వత్తును విడిగా పట్టుకుని మా చేత్తో జరుపుకునేవాళ్లం. యూనికోడ్‌కు మారినాక అట్ల జరపడానికి లేదు, ఫాంట్‌లో ఎట్లుంటే అట్లే. అందుకే ఇప్పటికీ మా లైన్‌లో చాలామంది బోల్డ్ హెడ్డింగులకు యూనికోడ్ వాడాలంటే వెనక్కి తగ్గుతారు. నువ్వు అనుకున్నది చిన్న పని కాదప్పా. ఇది సరైతే మా అందరికీ పనికొస్తుంది.

ఒక మాట. రావత్తును ఊరికే కిందికి దింపేస్తే కింది వరుసలోని గుడికి తగులుతుంది. ఎడమకు జరపాల, కిందికి మాత్రం కొంచెమే. సరిచేసినాక రెండు వరుసలు దగ్గరగా పెట్టి ప్రింట్ తీసి చూడు, స్క్రీన్ మీద చూసి నమ్మొద్దు.

---

హగరి_ఒడ్డు (అనంతపురం జిల్లా) · ఆదివారం రాత్రి 8:00

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఫాంట్ సరిచేయడం మంచిదే, కానీ మూడో సంవత్సరం విద్యార్థి పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టును ఒక్కసారైనా సొంతంగా బిల్డ్ చేసి చూడాలి. ఆ అనుభవం ఉద్యోగంలో చాలా పనికొస్తుంది. లిబ్రేఆఫీస్ బగ్జిల్లాలో (తప్పుల జాబితా ఉండే సైట్) ఈజీహ్యాక్ అని గుర్తు పెట్టిన పనులు కొత్తవాళ్ల కోసమే ఉంచుతారు. ప్యాచ్‌లు (మనం చేసిన మార్పులు) గెరిట్ అనే రివ్యూ సైట్‌లో పంపాలి, ముందుగా లైసెన్స్ ఒప్పుకుంటున్నట్టు మెయిలింగ్ లిస్టుకు ఒక మెయిల్ పెట్టాలి. అదంతా నేర్చుకోవడం కూడా చదువే.

---

బురుజు_నీడ (కర్నూలు) · ఆదివారం రాత్రి 8:35

@హగరి_ఒడ్డు అన్నా, మీరన్నది ఒప్పుకుంటా, కానీ ఈ పని అయ్యాక. 2 జీబీ ప్యాక్ ఉన్న పిల్లాడు మొదటి నెలంతా బిల్డ్‌తోనే కుస్తీ పడితే రెండో నెలకు మిగలడు. మధ్యస్థంగా ఒక మెట్టు కావాలంటే హార్ఫ్‌బజ్‌నే బిల్డ్ చేయొచ్చు. మీసన్, నింజా అనే బిల్డ్ టూల్స్, జీప్లస్‌ప్లస్ కంపైలర్, రాజెల్, ఫ్రీటైప్, జీలిబ్, కైరో డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేసుకుంటే చాలు. మీసన్ సెటప్, మీసన్ కంపైల్, మీసన్ టెస్ట్, అంతే. తెలుగు లాంటి భారతీయ లిపుల కోడ్ ఇండిక్ షేపర్ అనే ఫైల్లో ఉంటుంది, చదవదగ్గ కోడ్. మీసన్ తానే కంపైల్ కమాండ్స్ ఫైలు కూడా తయారు చేస్తుంది కాబట్టి ఎడిటర్‌లో క్లాంగ్‌డీ పెట్టుకుంటే ఏ ఫంక్షన్ ఎక్కడుందో ఒక్క క్లిక్‌తో వెళ్లొచ్చు.

డేటా మరీ ఇబ్బందైతే గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ (నెట్ ద్వారా వాడుకునే వాళ్ల కంప్యూటర్) ఉంది. ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్ గంటలు, అంటే 2 కోర్ల మెషీన్ మీద 60 గంటలు. డౌన్‌లోడ్‌లు, బిల్డ్‌లు అంతా వాళ్ల మెషీన్‌లో జరుగుతాయి, మన వైపు ఖర్చయ్యేది ఎడిటర్‌కు పట్టే కాస్త డేటానే. పని అయ్యాక ఆపేయడం మాత్రం మరిచిపోకూడదు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ్ఞా లోపల కనపడని ఒక అక్షరం చేరితే అలా అయ్యేది. ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా మనం ఎదురు చూడటం తప్ప చేసేదేమీ లేదు, ఆ కోడ్ మన చేతికి రాదు. ఇక్కడ కోడ్ మన ముందే ఉంది. ఈ తమ్ముడు అర్జీ రాస్తూ చూసిన తప్పును తానే సరిచేయగలుగుతున్నాడు. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

---

వేరుశనగ_చేను (అనంతపురం) · ఆదివారం రాత్రి 9:10

ఇక ఫాంట్ పని. ఆ ఫాంట్ రెపోలో (సోర్స్ ఉంచే చోటు) సోర్సెస్ అనే ఫోల్డర్ ఉంటుంది చూడు. అందులో గ్లిఫ్స్ ఫైలు గానీ యూఎఫ్ఓ గానీ (రెండూ ఫాంట్ సోర్స్ రకాలే) ఉంటుంది. గ్లిఫ్స్ అప్లికేషన్ మ్యాక్ మీదే నడుస్తుంది, అయినా దిగులు వద్దు. ఆ ఫైలు లోపల ఉండేది మామూలు టెక్స్టే. బిల్డ్ చేయడానికి ఫాంట్‌మేక్ అనే పైథాన్ టూల్ ఉంది, అది లినక్స్‌లో గ్లిఫ్స్ ఫైలును నేరుగా చదువుతుంది.

రెపోను ముందు నీ ఖాతాలోకి ఫోర్క్ చేసి (నీ సొంత కాపీ తీసి), దాన్ని క్లోన్ చేసుకో. అసలు రెపోను అప్‌స్ట్రీమ్ అనే పేరుతో రెండో రిమోట్‌గా కలుపు. తర్వాత ఏదీ మార్చకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి బిల్డ్ చెయ్యి. ఈ ఒక్క మెట్టు మాత్రం దాటేయొద్దు. మార్చకముందే బిల్డ్ కాకపోతే తప్పు నీ ఏర్పాటులో ఉన్నట్టు. ముందే మార్చేస్తే తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు. అలా వచ్చిన ఫైలు మీద హెచ్‌బీ షేప్ నడిపి, నువ్వు ఉదయం చూసిన అంకెలే వస్తున్నాయో లేదో చూడు. వస్తే అప్పుడు చేయి పెట్టు.

---

పెన్నా_గట్టు (కడప) · సోమవారం రాత్రి 9:30

పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) ఫాంట్‌మేక్ వేస్తుంటే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ ఇచ్చి ఒప్పుకోవడం లేదు. నెట్‌లో ఎవరో బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అన్న ఆప్షన్ ఇమ్మన్నారు. ఇవ్వొచ్చా?

---

బురుజు_నీడ (కర్నూలు) · సోమవారం రాత్రి 9:41

ఇవ్వొద్దు! ఆ పేరులోనే ఉంది కదా, సిస్టమ్ ప్యాకేజీలు విరిగిపోయినా పరవాలేదని నువ్వే ఒప్పుకున్నట్టు. ఉబుంటు తన సొంత పనులకు కూడా పైథాన్ వాడుతుంది కాబట్టి కొత్త వెర్షన్లలో పిప్‌ను అక్కడికి రానివ్వదు. ఆప్ట్‌తో పైథాన్3 వెన్వ్ ప్యాకేజీ వేసుకుని, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (మిగతా సిస్టమ్‌కు తగలని విడి చోటు) తయారు చేసి, దాన్ని యాక్టివేట్ చేసి అందులో వెయ్యి. రెపోలో రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఉంటే దాన్నే వాడు, వాళ్లు వాడే వెర్షన్లే నీకూ వస్తాయి. టెర్మినల్ మూసి తెరిచిన ప్రతిసారీ మళ్లీ యాక్టివేట్ చేయాలి. ఆ ఫోల్డర్ పేరు గిట్‌ఇగ్నోర్‌లో ఉందో లేదో చూసుకో, కమిట్‌లోకి పోకూడదు.

ఫైలు తెరవకముందే ఇంకో జాగ్రత్త. గ్లిఫ్స్ ఫైలును విండోస్ వైపు ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే వరుసల చివరి గుర్తులు మారిపోయే ప్రమాదం ఉంది. నువ్వు మార్చింది ఒక్క అంకె అయినా డిఫ్‌లో ఫైలు మొత్తం మారినట్టు కనపడుతుంది. అలాంటిది ఏ రివ్యూయరూ చదవడు. వీఎస్ కోడ్‌లో డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ ద్వారా తెరువు, కింద పట్టీలో ఎల్ఎఫ్ అని ఉందో లేదో చూడు. కమిట్‌కు ముందు గిట్ డిఫ్ తప్పకుండా చదువు.

గిట్‌లో నీ పేరు, ఈమెయిల్ పెట్టుకునేటప్పుడు కూడా ఆలోచించు. కమిట్‌లో ఉన్న ఈమెయిల్ లోకమంతా చూస్తుంది, తర్వాత తీసేయడం కష్టం. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో నోరిప్లై అడ్రస్ ఇస్తుంది, అది వాడుకో.

---

పెన్నా_గట్టు (కడప) · మంగళవారం రాత్రి 10:50

అయింది!! వెన్వ్‌లో ఫాంట్‌మేక్ ఎక్కింది. ఏమీ మార్చకుండా చేసిన బిల్డ్‌లో పాత అంకెలే వచ్చాయి, ముద్ద కూడా అలాగే వచ్చింది. తర్వాత కొత్త బ్రాంచ్ తీసి, సోర్స్‌లో టావత్తు గ్లిఫ్ వెతికి బోల్డ్ లేయర్ చూశా. మేడమ్ చెప్పినట్టే యాంకర్ ఎక్స్, వై రెండూ రెగ్యులర్‌లో ఉన్నవే. డీటీపీ అన్న చెప్పినట్టు ఎక్స్ ఎక్కువ తగ్గించి, వై కొంచెమే దింపి బిల్డ్ చేసి చూస్తూ పోయా. ఇప్పుడు రెండు వత్తులూ విడివిడిగా కనపడుతున్నాయి. వరుసలు దగ్గరగా పెట్టి ప్రింట్ కూడా తీశా, గుడికి తగలడం లేదు. గిట్ డిఫ్‌లో ఒక్క వరుసే ఉంది.

మా నాన్నకు పాత ప్రింట్, కొత్త ప్రింట్ పక్కపక్కన పెట్టి చూపించా. "ఇది చదవొచ్చు" అన్నాడు.

పుల్ రిక్వెస్ట్‌లో (నా మార్పు కలుపుకోమని వాళ్లను అడిగేది) ఏం రాయాలి?

---

వేరుశనగ_చేను (అనంతపురం) · బుధవారం ఉదయం 6:50

శభాష్! క్లుప్తంగా రాయి. ఏ మాట, ఏ వెయిట్, ఎక్కడెక్కడ పరీక్షించావు, కారణం ఏమిటి, ఏం మార్చావు. హెచ్‌బీ వ్యూతో మార్చకముందు, మార్చిన తర్వాత రెండు బొమ్మలు తీసి జత చెయ్యి. చూసేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు, బొమ్మ ఉంటే వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. రెపోలో ఫాంట్‌బేకరీ (ఫాంట్‌లో తప్పులు పట్టే టూల్) పరీక్షలు ఉంటే నీ మెషీన్‌లోనే నడిపి పంపు. బిల్డ్ చేసిన టీటీఎఫ్ ఫైళ్లను వాళ్లు అడిగితే తప్ప కమిట్‌లో పెట్టొద్దు, సోర్స్ ఒక్కటే పెట్టు.

రీడ్‌మీలో ఉన్న సెటప్ సూచనలతో నీకు పని కాని చోటు ఏదైనా ఉంటే, అంటే వెన్వ్ సంగతి అక్కడ లేకపోతే, దాన్ని విడిగా ఇంకో పుల్ రిక్వెస్ట్‌లో పంపు. రెండూ ఒకదాంట్లో కలపొద్దు.

---

పెన్నా_గట్టు (కడప) · శుక్రవారం రాత్రి 8:15

రెండూ పంపా. రీడ్‌మీది అప్పుడే మెర్జ్ చేశారు! ఫాంట్ దానికి రివ్యూయర్ మర్యాదగా జవాబిచ్చారు. మార్పు బాగుందట. టావత్తు ఒక్కటే కాకుండా బోల్డ్‌లో మిగతా వత్తుల యాంకర్లు కూడా ఇలాగే ఉన్నాయేమో, రెండు వత్తులు వచ్చే మాటలు ఇంకొన్ని పరీక్షించి చెప్పగలవా అని అడిగారు. చేస్తా అన్నా. కానీ అలాంటి మాటలు ఏవేవో ఒక జాబితా కావాలి.

---

బురుజు_నీడ (కర్నూలు) · శుక్రవారం రాత్రి 8:40

తెలుగు వికీపీడియా డంప్ (వ్యాసాలన్నీ ఉన్న ఫైలు) వికీమీడియా వాళ్లు ఉచితంగా ఇస్తారు. వైఫై ఉన్నచోట దించుకో. హల్లు, పొల్లు, హల్లు, పొల్లు, హల్లు అన్న వరుస ఉన్న మాటలన్నీ ఏరడానికి పైథాన్‌లో చిన్న రెగెక్స్ (అక్షరాల వరుసను వెతికే సూత్రం) చాలు. తెలుగు అక్షరాలన్నీ యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ మధ్యే ఉంటాయి, పొల్లు 0సీ4డీ. ఎక్కువసార్లు వచ్చేవి ముందు పరీక్షించు.

---

టవర్_క్లాక్_డీటీపీ (అనంతపురం) · శుక్రవారం రాత్రి 9:25

అది దిగేలోపల మొదలుపెట్టడానికి మాకు చేతిపనిలో ఎక్కువ తగిలేవి ఇవిగో: శాస్త్రం, వస్త్రం, స్త్రీ, దంష్ట్ర, సౌరాష్ట్ర, మత్స్య, లక్ష్మి, తీక్ష్ణ, ఊర్ధ్వ, ఉజ్జ్వల, సామర్థ్యం, ఈర్ష్య, మాహాత్మ్యం. అన్నిటికన్నా కష్టమైంది కార్త్స్న్యం, అది నిలబడితే ఏదైనా నిలబడుతుంది. తావత్తు మీద రావత్తు వచ్చేవి ముందు చూడు. పెళ్లి పత్రికల్లో శాస్త్రి, సావిత్రి అని పేర్లు బోల్డ్‌లోనే వేస్తాం. సావిత్రిలో ఒకటే వత్తు, అది ఎట్లాగూ బాగుంటుంది. శాస్త్రి దగ్గరే నాకు అనుమానం.